మడత కెమెరా మీద ఇంత మోజెందుకంటే

సెప్టెంబర్ ఆఖరి వారం. ల్యాబ్‌లో లింక్డ్ లిస్ట్ ప్రోగ్రాం రాయాల్సిన టైంలో నేను జర్మనీలోని కొలోన్‌లో జరుగుతున్న ఫోటోకినా 2008 వార్తలు చదువుతూ దొరికిపోయాను. పట్టుకున్నది సార్ కాదు, పక్క సిస్టమ్ మీద కూర్చునే నా రూమ్మేట్. స్క్రీన్ వైపు వంగి చూసి, "ఏందిర అది? మా తాత ట్రంకు పెట్టెల ఉండే సామాన్ లెక్కున్నది" అన్నాడు.

అది ఫుజీఫిల్మ్ వాళ్ళ కొత్త కెమెరా, జీఎఫ్670. మీడియం ఫార్మాట్, ఫిల్మ్ కెమెరా, పైగా మడతపెట్టేది. ముందున్న తలుపు తెరిస్తే లెన్సు బయటికొచ్చి నిలబడుతుంది, మూస్తే చదునైన పెట్టె అయిపోతుంది. 2008 మొదట్లోనే అమెరికాలో జరిగిన పీఎంఏ షోలో దీని నమూనాను అద్దాల పెట్టెలో పెట్టి చూపించారు. అప్పుడు చాలామంది, ఇది వచ్చేదా పొయ్యేదా అనుకున్నారు. తర్వాత నిజంగానే వచ్చింది. ఇదే కెమెరా ఫోక్ట్‌లెండర్ పేరుతో, బెస్సా 3 అని కూడా వచ్చింది.

నేను ఆ ఫోటోను డెస్క్‌టాప్ వాల్‌పేపర్‌గా పెట్టుకున్నాను. హాస్టల్లో దీని మీద జరిగిన ఎగతాళి అంతా ఇంతా కాదు. వాళ్ళను తప్పు పట్టలేను. అదే షోలో కెనాన్ వాళ్ళు 5డీ మార్క్ 2 చూపించారు. 21 మెగాపిక్సెల్స్, ఫుల్ హెచ్‌డీ వీడియో. లైకా వాళ్ళు ఎస్2 అని 37.5 మెగాపిక్సెల్స్ ఉన్నది పెట్టారు. లోకమంతా అటు చూస్తుంటే నేను పోయి పోయి రోల్ ఫిల్మ్ వేసే కెమెరాను చూసి మురిసిపోతున్నాను. రేటు ఎంత పెట్టినా నాకు ఒకటే, కొనే ప్రసక్తి లేదు. నా మెస్ బిల్లే రెండు నెలలది బాకీ ఉంది.

అయినా ఎందుకు ఇంత సంతోషం అని అడిగితే అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. దసరా సెలవులకు ఇంటికి పోయి వచ్చాక చెప్పగలను అనిపిస్తోంది. అందుకే ఇది రాస్తున్నాను. (ఇంగ్లిష్ మీడియం వాణ్ణి, నా తెలుగుకు కొంచెం ఓర్చుకోండి. వత్తులు మా నాన్న దిద్దాడు.)

ముందు ఆ మడత సంగతి చెప్పాలి. అది స్టైల్ కోసం పెట్టింది కాదు. మామూలు 35 ఎంఎం రీల్‌లో ఒక ఫ్రేము 24 ఇంటూ 36 మిల్లీమీటర్లు. ఈ కెమెరాలో వేసే 120 ఫిల్ము మీద 6 ఇంటూ 7 సెంటీమీటర్ల ఫ్రేము పడుతుంది. కావాలంటే 6 ఇంటూ 6 చతురస్రం కూడా పెట్టుకోవచ్చు. లెక్క వేసి చూస్తే 6 ఇంటూ 7 ఫ్రేము వైశాల్యం 35 ఎంఎం ఫ్రేముకు దాదాపు నాలుగున్నర రెట్లు. ఎంత పెద్ద నెగెటివ్ అయితే అంత వివరం పడుతుంది. కానీ నెగెటివ్ పెద్దదైతే లెన్సు దానికి దూరంగా ఉండాలి. దీనిది 80 ఎంఎం లెన్సు, అంటే ఫిల్ముకూ లెన్సుకూ మధ్య ఇంచుమించు అంత దూరం కావాలి. ఆ దూరాన్ని గట్టి డబ్బాతో కడితే కెమెరా ఇటుకంత అవుతుంది. అందుకని ఆ ఖాళీని ముడతలు పెట్టిన తోలుతోనో బట్టతోనో కడతారు. ఫోటో తీసేటప్పుడు సాగుతుంది, తర్వాత మడుచుకుంటుంది. దీన్ని ఇంగ్లిష్‌లో బెల్లోస్ అంటారని నాకు తెలుసు. తెలుగులో ఏమంటారో కరీంనగర్‌లో ఒక ముసలాయన చెప్పేదాకా తెలియదు. ఆయన దగ్గరికే వస్తున్నాను.

ఈ పద్ధతి కొత్తదేం కాదు. 120 ఫిల్మును కొడాక్ 1901లోనే తెచ్చింది. జైస్ ఇకాంటా, ఆగ్ఫా ఇసోలెట్ లాంటి మడత కెమెరాలు మన తాతల కాలంలో ఊరూరా తిరిగాయి. ఆ తర్వాత 35 ఎంఎం వచ్చి వీటిని తోసేసింది, దాన్ని డిజిటల్ తోసేసింది. 2006లో నికాన్ తన ఫిల్మ్ కెమెరాల్లో చాలా మోడళ్ళు ఆపేసింది. అదే ఏడాది కొనికా మినోల్టా కెమెరాల వ్యాపారమే మానుకుంది. 2008 ఫిబ్రవరిలో పోలరాయిడ్ ఇన్‌స్టంట్ ఫిల్ము తయారీ ఆపేస్తున్నట్టు చెప్పింది. మన దేశంలో అయితే ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ అని సర్కారు కంపెనీ ఉండేది. 1960లో పెట్టారు, 'ఇందు' పేరుతో ఫిల్ములు చేసేది. అది ఖాయిలా పడి చాలా ఏళ్ళయింది. ఇలాంటి టైంలో ఒక పెద్ద కంపెనీ కూర్చుని, ఇంజనీర్లకు జీతాలిచ్చి, కొత్తగా మడత కెమెరా డిజైన్ చేయించింది. ఆ వార్త చదివితే నాకు ఏమనిపించిందంటే, పోయాడనుకున్న మనిషి బస్టాండులో ఎదురై 'బాగున్నవా' అన్నట్టు.

సరే, దసరా సంగతి. ఇంటికి పోయిన రోజు రాత్రి నాన్నకు ఆ కెమెరా ప్రింటవుట్ చూపించాను. ఆయన అద్దాలు పెట్టుకుని చూసి, "ఇది మన ఇంటి ఫోటో తీసిన కెమెరా లెక్కనే ఉన్నది గదరా" అన్నాడు.

మన ఇల్లు అంటే ఇప్పుడున్నది కాదు. మా నాన్న పుట్టిన ఊరు మానేరు ఒడ్డున ఉండేది. 1974లో లోయర్ మానేరు డ్యామ్ పని మొదలైంది, 1985కు పూర్తయింది. మీరు సాయంత్రాలు కట్ట మీద నడవడానికి, మొక్కజొన్న కంకి తినడానికి పోతారు చూడండి, ఆ ఎల్ఎండీయే. ఆ నీళ్ళ కింద ఊళ్ళున్నాయి, వాటిల్లో మాది ఒకటి. నేను ఆ కట్ట మీద కనీసం వందసార్లు నడిచి ఉంటాను. ఒక్కసారి కూడా మా ఇల్లు ఎటువైపు ఉండేదో నాన్నను అడగలేదు.

మా ఇంట్లో ఆ ఊరి ఫోటో ఒకటే ఉంది. పోస్టుకార్డంత. తాత, బాపమ్మ, నిక్కరు వేసుకున్న బాబాయి, అప్పుడే మీసం మొలుస్తున్న నాన్న. వెనక మట్టి గోడ, దర్వాజ. ఊరు ఖాళీ చేసే ముందు, 1980 ప్రాంతంలో తీయించింది. కరీంనగర్ నుంచి ఒకాయన సైకిల్ మీద వచ్చి ముంపు ఊళ్ళన్నీ తిరిగి ఇళ్ళ ముందర ఫోటోలు తీసేవాడట. కెమెరా జేబులోంచి తీసి టక్కున తెరిచేవాడని, పిల్లలంతా అది చూడటానికే వెంటపడేవాళ్ళని నాన్న చెప్పాడు. స్టూడియో వాళ్ళ పెద్ద కెమెరాలు సైకిల్ మీద రావు కదా. మడత కెమెరా వల్లనే ఆ ఫోటో ఉంది.

మర్నాడు ఇద్దరం టవర్ సర్కిల్ వెనక గల్లీల్లో ఆయన్ని వెతికాం. స్టూడియో లేదు. ఇప్పుడు అక్కడ రీచార్జ్ కూపన్లు అమ్మే కొట్టుంది. ఆయన మాత్రం వెనకింట్లో ఉన్నాడు. డెబ్బై దాటి ఉంటాయి. నా చేతిలో ప్రింటవుట్ చూసి లోపలికి పోయి బట్టలో చుట్టిన ఇసోలెట్ తెచ్చాడు. మీట నొక్కితే తలుపు తెరుచుకుంది, లెన్సు ముందుకొచ్చి నిలబడింది. నేను వీడియోల్లో చూడటమే గాని ఆ చప్పుడు నిజంగా వినడం అదే మొదలు.

"తాతా, ఈ బెల్లోస్‌కి ఈ అతుకులేంది?" అన్నాను.

"తిత్తి అను బిడ్డా. కొలిమి తిత్తి సూడలేదా? గదే ఇది" అన్నాడు. మడతల మూలల్లో తోలు అరిగి చిల్లులు పడతాయట. చీకటి గదిలో లోపల టార్చి పెట్టి చూస్తే చుక్కల్లాగా కనబడతాయట. ఒక్క చిల్లున్నా వెలుతురు లోపలికి పోయి ఫిల్ము మీద నల్ల మచ్చ పడుతుంది. ఆయన పాత గొడుగు బట్ట ముక్కలు కోసి సైకిల్ పంచర్ సొల్యూషన్‌తో అంటించాడు. అట్లాంటివి పదకొండు లెక్కపెట్టాను.

తర్వాత ఆయన మంచం కిందినుంచి ఒక రేకు డబ్బా లాగాడు. నూనె డబ్బా, పైన రేకు కోసి మూత పెట్టించింది. దాన్నిండా కాగితం కవర్లు, కవర్ల మీద ఊళ్ళ పేర్లు. 'డ్యాం ఊర్లు' అని మూత మీద పెయింటుతో రాసుంది. రెండు గంటలు వెతికితే మా ఊరి కవరు దొరికింది. మా ఇంటి నెగెటివ్ కూడా దొరికింది.

దాన్ని కిటికీకి ఎదురుగా పట్టుకుని, ఆయనిచ్చిన భూతద్దంతో చూశాను. ఇక్కడ కొంచెం నెమ్మదిగా చెప్పాలి. ఎందుకంటే ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ ఐదు నిమిషాలే.

మా ఇంట్లో ఉన్న ప్రింటులో దర్వాజ పక్కన ఒక మరక ఉంటుంది. నెగెటివ్‌లో అది మరక కాదు, నంబరు. ముంపు ఇళ్ళు లెక్కపెట్టడానికి వచ్చినవాళ్ళు పెయింటుతో వేసిన నంబరు. గడప మీద పసుపు బొట్లు విడివిడిగా లెక్కపెట్టేట్టు ఉన్నాయి. బాపమ్మ చెయ్యి బాబాయి భుజం మీద ఉందనుకునేవాణ్ణి. కాదు, ఆమె దర్వాజ చెక్కను పట్టుకుని ఉంది. అన్నిటికన్నా, ఫ్రేము కుడి అంచున ఇంకో మనిషి నిలబడి ఉన్నాడు. తలకు రుమాలు, చేతిలో పగ్గం. ప్రింటు వేసేటప్పుడు ఆ పక్క కోసేశారు. నాన్నకు చూపిస్తే ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా పేరు చెప్పాడు. మా ఇంట్లో జీతం ఉన్న ఆయన. ఊరు మునిగాక నష్టపరిహారం మా తాతకొచ్చింది, ఇల్లూ భూమీ ఆయన పేరు మీద ఉన్నాయి కాబట్టి. జీతం ఉన్నాయనకు ఏమొచ్చిందో, ఎటుపోయాడో నాన్నకు తెలియదు. దారిలో ఆ సంగతే రెండుసార్లు అన్నాడు. తర్వాత ఇంటిదాకా ఏం మాట్లాడలేదు.

పోస్టుకార్డు మీద లేని మనిషి 6 సెంటీమీటర్ల ఫిల్ము మీద ఇరవై ఎనిమిదేళ్ళుగా నిలబడే ఉన్నాడు. ఇదీ నాకు మీడియం ఫార్మాట్ అంటే.

ఇప్పుడు రూమ్మేట్ వాదనకు వస్తాను. వాడు అనేదేంటంటే, వివరమే కావాలంటే 5డీ మార్క్ 2లో ఇంకా బాగా వస్తుంది, ఫిల్ము కొని, కడిగించి, ప్రింటు వేయించే ఖర్చు ఎందుకు అని. నిజమే. ఫిల్ములో ఏదో ఆత్మ ఉంటుంది, డిజిటల్‌లో ఉండదు అని మాట్లాడేవాళ్ళంటే నాకూ చిరాకు. వాళ్ళలో సగం మంది డార్క్ రూంలో హైపో వాసన కూడా చూసి ఉండరు, నాలాగే. నా పాయింటు వేరే. నేను కంప్యూటర్ సైన్స్ వాణ్ణి కాబట్టే చెప్తున్నాను. నెగెటివ్‌ను చదవడానికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, కిటికీ చాలు. నా టెన్త్ ఫేర్‌వెల్ ఫోటోలు సీడీలో రాసిపెట్టాను, రెండేళ్ళకే అది చదవడం లేదు. ఇంటర్ రెండేళ్ళ ఫోటోలు ఫోన్ మెమరీ కార్డులో ఉండేవి. అది ఒకరోజు 'ఫార్మాట్ చేయమంటారా' అని అడిగింది, అంతే. రేకు డబ్బాలో మంచం కింద పడున్న ప్లాస్టిక్ ముక్క మాత్రం వానలకూ ఎలుకలకూ తట్టుకుని ఉంది. జాగ్రత్తగా దాచింది కూడా కాదు, పడేయడం మరిచిపోయింది. మనం రోజూ తీసే వందల ఫోటోల్లో, మరిచిపోయినా మిగిలేవి ఎన్ని? ఫుజీ వాళ్ళ కెమెరా చూసి నేను సంబరపడింది ఇందుకే. ఫోటో అంటే చేత్తో పట్టుకునే ఒక వస్తువు అని నమ్మేవాళ్ళు ఇంకా ఉన్నారు, ఆ నమ్మకం మీద డబ్బు కూడా పెడుతున్నారు.

అయితే కథ ఇక్కడ ఆగితే నేనూ ఆ ఫిల్ము భక్తుల్లో కలుస్తాను. తాత ఇంకో మాట చెప్పాడు. "పోయిన నెల ఒకడొచ్చిండు. నెగెటివ్‌లు తూకానికి కొంట అన్నడు. వెండి తీస్తరట." బ్లాక్ అండ్ వైట్ నెగెటివ్‌లో నలుపు అంటే వెండే. వెలుతురు తగిలిన చోట వెండి రేణువులు మిగులుతాయి, తగలని చోట ఉన్నది హైపోలో కరిగిపోతుంది. అంటే మా బాపమ్మ దర్వాజ పట్టుకున్న చెయ్యి వెండితో ఉంది, దాన్ని కరిగిస్తే రూపాయిలో ఎన్నో వంతు వస్తుంది. తాత పెళ్ళిళ్ళ నెగెటివ్‌లు రెండు బస్తాలు అప్పటికే అమ్మేశాడు. "ఏం చెయ్యను బిడ్డా, కొడుకు జాగ లేదంటున్నడు" అన్నాడు. డ్యాం ఊర్ల డబ్బా ఎందుకు అమ్మలేదని అడిగితే, "సూద్దాం అని ఆపిన" అన్నాడు.

రాజా దీన్‌దయాళ్ మీకు తెలిసే ఉంటాడు. ఆరో నిజాం దర్బారు ఫోటోగ్రాఫర్. మనలాంటి వాళ్ళకు ఆయన గురించి నచ్చే సంగతి, ఆయన రూర్కీ ఇంజనీరింగ్ కాలేజీలో చదివినవాడు. ఆయన గాజు నెగెటివ్‌లు వేల సంఖ్యలో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో భద్రంగా ఉన్నాయి. ఉండాలి కూడా. మన పక్క ఆదిలాబాద్‌లో, కొమురం భీం చనిపోయిన మరుసటి ఏడాది, 1941లో హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా ఆయన గోండుల మధ్య పని మొదలుపెట్టాడు. మార్లవాయిలో ఉండి వాళ్ళ జీవితాన్ని రాశాడు, ఫోటోలు తీశాడు. ఆదిలాబాద్ రాజ్‌గోండుల మీద ఆయన పుస్తకం 1948లో వచ్చింది. ఆయన భార్య బెట్టీ సమాధి ఇప్పటికీ మార్లవాయిలోనే ఉంది. మా క్లాసులో జైనూర్ వైపు నుంచి వచ్చిన ఫ్రెండ్ ఒకడు చెప్తాడు, ఆ ఫోటోల్లో ఉన్నవాళ్ళను చూసి ఫలానా వాళ్ళ ముత్తాత అని గుర్తుపట్టేవాళ్ళు ఊళ్ళో ఉన్నారని. నిజాం దర్బారుకు ఒక దీన్‌దయాళ్ ఉన్నాడు. గోండు గూడేలకు ఎక్కడినుంచో వచ్చిన ఒక ప్రొఫెసర్ ఉన్నాడు. మానేరు ఊళ్ళకు సైకిల్ మీద తిరిగిన ఒక ఫోటో తాత, నూనె డబ్బా. అంతే. ఏ లైబ్రరీ దాన్ని అడగలేదు. అడిగినవాడు వెండి వ్యాపారి.

అందుకని నేను చెప్పేది ఇది. మన క్లబ్‌లో ముప్పై మందిమి ఉన్నాం. కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల, నిర్మల్, ప్రతి టౌనులో మూతపడ్డ స్టూడియోలు ఉన్నాయి. సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు ఒక్కొక్కరం ఒక్క స్టూడియో తలుపు కొట్టి, పాత నెగెటివ్‌లు ఉన్నాయా అని అడుగుదాం. కొనక్కర్లేదు, తెచ్చుకోనక్కర్లేదు, కాపీ చేసుకుంటే చాలు. స్కానర్ లేదు అనకండి, మామూలు స్కానర్ దీనికి పనికిరాదు కూడా, వెనకనుంచి వెలుతురు కావాలి. నేను చేసింది చెప్తాను. మానిటర్ మీద ఖాళీ నోట్‌ప్యాడ్ తెరిచాను, తెల్లగా వెలుగుతుంది. దాని ముందు బటర్ పేపర్ పెట్టాను, లేకపోతే స్క్రీన్ చుక్కలు పడతాయి. దాని ముందు నెగెటివ్. బాబాయి డిజిటల్ కెమెరాను మాక్రోలో పెట్టి తీశాను. తర్వాత ప్రతి పిక్సెల్ విలువను 255లోంచి తీసేసే ప్రోగ్రాం, సీలో పాతిక లైన్లు. లింక్డ్ లిస్ట్ కన్నా సులువు. ఆ పాతిక లైన్లు రన్ చేస్తే తాత, బాపమ్మ, బాబాయి, నాన్న, పగ్గం పట్టుకున్న ఆయన, ఐదుగురూ తెరమీదికి వచ్చారు. మా అమ్మ వంటింట్లోంచి వచ్చి చూసి తడి చేతులు అట్లనే పట్టుకుని నిలబడింది. ఆమె ఆ ఇల్లు ఎప్పుడూ చూడలేదు, పెళ్ళయ్యేసరికే మునిగింది.

చూశారుగా, పని చేసింది డిజిటలే. నాకు డిజిటల్ మీద ఏ కోపమూ లేదు.

ఇంకో పని ఉంది, దానికి మాత్రం టైం తక్కువ. 2008లో మాన్వాడ దగ్గర మిడ్ మానేరు కడుతున్నారు. మా రూమ్మేట్ వాళ్ళ ఊరు అందులో మునుగుతుంది. జీఎఫ్670ను చూసి పగలబడి నవ్వినవాడే. దసరా తర్వాత మా నెగెటివ్ కాపీ వాడికి చూపించాను. చాలాసేపు జూమ్ చేసుకుంటూ చూశాడు. తర్వాత, "ఆ ముసలాయన కెమెరా ఇస్తడా?" అన్నాడు.

అడిగాం. ఇస్తానన్నాడు, తనూ వస్తానన్నాడు. తిత్తికి పన్నెండో అతుకు వేయాలట. 120 ఫిల్ము కరీంనగర్‌లో దొరకలేదు, హైదరాబాద్ కోఠిలో మా సీనియర్ ఒకరు ఒక్క రోల్ పట్టుకున్నారు. ఒక్క రోల్ అంటే పన్నెండు ఫోటోలు. డిజిటల్ కెమెరాతో ఎన్నైనా తీస్తాం, కానీ ఆ పన్నెండు ఏవి అని వాళ్ళింట్లో వారం నుంచి పంచాయితీ నడుస్తోంది. ఇల్లు, బావి, పోచమ్మ గుడి, బడి, ఇంతవరకు అందరూ ఒప్పుకున్నారు. వాడి చెల్లెలు చింతచెట్టు అంటోంది. వాళ్ళ నాన్న పొలం గట్టు మీద నిలబడి ఒకటి కావాలంటున్నాడు. మా నెగెటివ్ చూసినప్పటినుంచి వాడు మాత్రం ఒక్కటే పట్టు పడుతున్నాడు, వాడకట్టులో ఉన్నవాళ్ళందరినీ, ఇల్లు ఉన్నోళ్ళనూ లేనోళ్ళనూ, వరసగా నిలబెట్టి తీయాలని. వాళ్ళ నానమ్మకు బర్రెతో ఒకటి కావాలట. ఇప్పటికి పదిహేడు అయ్యాయి.